పదకొండో గడి

కిందటివారం మనం కామాని ఫుల్‌స్టాప్ గది గుమ్మం ముందు, చేతిలో ఒక కాగితంతో, కళ్ళలో రెండు నిప్పుకణికలతో వదిలి వచ్చాం. వారం రోజులు అలా నిలబెట్టేశాం కాబట్టి ముందు ఆ మనిషికి దారి ఇద్దాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం పక్కనుంచి నాలుగు మాటలు చెబుతాను.

కామా ఆ ఆఫీసులో కోడ్ రాస్తుంది. చేరిన మొదటి నెలలో ఒక కామా పెట్టకూడని చోట పెట్టి, సర్వర్‌ని ఒక పూటంతా కోమాలో పడుకోబెట్టింది. అప్పట్నుంచి అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం చీటీకి, ఆ పేరు ఆఫీసుకి. ఫుల్‌స్టాప్ మేనేజరు. ఏ చర్చ అయినా సరే ‘అంతే. ఇంకేం లేదు’ అని లేచిపోతాడు. ఈ రెండు చుక్కల మధ్య ఇరుక్కున్న మూడో మనిషి భూతద్దం. ఎవరు ఏం రాసినా అందులో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో కూడా ఉద్యోగం మానదని వాళ్ళాయన వాంగ్మూలం.

లిఫ్టుల భద్రత చూసే సర్కారు కార్యాలయం వీళ్ళకి ఒక పని అప్పజెప్పింది. ఏ లిఫ్టులోనైనా ప్రమాదం పొంచి ఉందని తెలిసినవాళ్ళు ఫిర్యాదు రాయొచ్చు. ఆ లిఫ్టుని నడిపే కంపెనీ కంప్యూటరు ఆ ఫిర్యాదులు అడిగి తీసుకోవాలి. రాసినవాళ్ళ పేరు మాత్రం నాలుగు గోడలు దాటదని కార్యాలయం అచ్చులో మాట ఇచ్చింది. ఒక కంప్యూటరు అడగడం, ఇంకోటి చెప్పడం, దీన్నే వెబ్ సర్వీసు అంటారు. ఏం అడగొచ్చో, జవాబులో ఏ ఏ గడులు వస్తాయో చెప్పే పట్టిక ఒకటుంటుంది. అది సర్వీసు వివరణ. దాన్ని ఎవరూ కూర్చుని రాయరు. కోడ్‌లో ఫిర్యాదుకి ఎన్ని గడులున్నాయో జనరేటర్ అనే యంత్రం చూసుకుంటూ పోయి పట్టిక వేసేస్తుంది. దానికి గుట్టూ మట్టూ తెలీదు. పెళ్ళివారింట్లో నోరు ఆగని మేనత్తలాంటిది. ఉన్నవన్నీ చెప్పేస్తుంది, ‘ఇది చెప్పకు’ అని ముందే చెవిలో వేస్తే తప్ప. అలా చెవిలో వెయ్యడానికి కోడ్‌లో ఆ గడి దగ్గర ఒక చిన్న గుర్తు పెడతారు. వీళ్ళ ఆఫీసులో దాని పేరు చీటీ.

శుక్రవారం కామా ఆ చీటీ అంటించింది. ఎందుకంటే అదే రోజు భద్రతా కార్యాలయం అసలు రిజిస్టరులో 417వ ఫిర్యాదు ఆమె కంట పడింది. తొమ్మిదంతస్తుల ప్రసూతి ఆసుపత్రిలో లిఫ్టు బ్రేకు అరిగిపోయిందట, కొత్తది వేశామని కంపెనీ పుస్తకంలో రాసుకున్నారట, వెయ్యలేదట. రాసింది బాబాయి. తండ్రి పోయాక ఆమెని పెంచి, చదివించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టిన బాబాయి. అదే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మెకానిక్. అంటే ఈ సర్వీసులో పేరు బయటికొస్తే ఆ సర్వీసు ఊడుతుంది.

సోమవారం పొద్దున భూతద్దం వివరణని అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. గడులు పదకొండు. పదకొండోది: ఫిర్యాదు చేసినవారి పేరు.

మూడు గంటలకి ఆ వివరణ లిఫ్టు కంపెనీకి వెళ్ళాలి.

ఇప్పుడు తలుపు తీద్దాం.

*

“సార్, నా చీటీ ఎవరు పీకారు?”

ఫుల్‌స్టాప్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కళ్ళజోడు లేకపోతే ఆయనకి ఎదుటి మనిషి మసగ్గా కనిపిస్తాడు. ఈ మనిషి మసగ్గా కూడా మండుతూ కనిపించింది.

“కూర్చోమ్మా.”

“కూర్చుంటే లేవడానికి టైం పడుతుంది. శుక్రవారం సాయంత్రం పేరు గడికి చీటీ అంటించి వెళ్ళాను. ఇదిగో పట్టిక. పదకొండోది దర్జాగా కూర్చుంది, పెళ్ళికొడుకులాగా.”

“అయితే నువ్వు సరిగ్గా అంటించి ఉండవు.”

“ఆరేళ్ళుగా అంటిస్తున్నాను సార్. చీటీ అంటించడం నాకు మీరు నేర్పక్కర్లేదు.”

“నేనెక్కడ నేర్పాను? నాకు రానే రాదు.”

ఇది నిజమే. ఫుల్‌స్టాప్ కోడ్ రాయడం మానేసి చాలా కాలమైంది. ఆయన ఇప్పుడు రాసేవల్లా ఉత్తరాలు, ఊరడింపులు. కానీ కోపంలో ఉన్న మనిషికి నిజం ఒక సాకులాగే వినిపిస్తుంది.

“మంగళవారం తెల్లచొక్కా ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు సార్.”

తెల్లచొక్కా లిఫ్టు కంపెనీలో పెద్ద మనిషి, అక్కడా ఇక్కడా ఆయనకి అదే పేరు. చొక్కా తెలుపు, మాట మెత్తన. ‘మా లిఫ్టు మీద ఎవరో ఫిర్యాదు చేశారట, ఆ మహానుభావుడెవరో తెలిస్తే ఒక దండ వేసి వద్దామని’ అని ఆ రోజు అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఫుల్‌స్టాప్ కూడా నవ్వాడు. ఆ నవ్వే ఇప్పుడు ఆయన మెడకి చుట్టుకుంది.

“అతను అడిగాడు. నేను ఇవ్వనన్నాను.”

“నవ్వారు.”

“నవ్వితే ఇచ్చినట్టా? ఇంటికొచ్చిన మనిషి జోకేస్తే ఏడుస్తామా?”

“ఆయన వేసింది జోకు కాదు సార్, గాలం. శుక్రవారం నేను వెళ్ళాక ఈ కోడ్ మార్చే హక్కు మీకూ నాకూ తప్ప ఎవరికీ లేదు. నేను పీకలేదు. ఇక మిగిలిందెవరు?”

అద్దాల గదికి అవతల కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. ఇరవై మంది కీబోర్డుల మీద చేతులు పెట్టి, ఒక్కరూ ఒక్క అక్షరం కొట్టడం లేదు. ఆ ఆఫీసులో అంత నిశ్శబ్దం ఇదివరకు సర్వర్ పడిపోయినప్పుడే విన్నారు.

ఫుల్‌స్టాప్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇప్పుడు మనిషి స్పష్టంగా కనిపించింది. కోపం వెనకాల భయం కూడా కనిపించింది.

“ఎవరమ్మా అందులో ఉన్నది? మీవాళ్ళా?”

కామా చేతిలో కాగితాన్ని మడిచేసింది. పేరు దాచాలని అరుస్తూ వచ్చిన మనిషి ఆ పేరు తనే ఎలా చెబుతుంది? చెప్పలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు. అడగలేదంటే అర్థమైందనే.

“భూతద్దాన్ని పిలువు,” అన్నాడు. “కోడ్ నీ ముందు, నా ముందు తెరుద్దాం. నేను పీకి ఉంటే నా కుర్చీ నీకే. అంతే. ఇంకేం లేదు.”

*

భూతద్దం ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో కాఫీ కప్పుతో వచ్చింది. ఆవిడకి తొందర అనే మాట పడదు. తొందరపడేవాళ్ళ వల్లే తన ఉద్యోగం నిలబడిందని ఆవిడ నమ్మకం.

“అక్కా, ఫిర్యాదు ఫైలు తెరువు.”

“తెరుస్తున్నా. అరవకు. నాకు చెవులు బాగానే ఉన్నాయి, కళ్ళే పోయాయి మీ కోడ్ చదివి చదివి.”

ముగ్గురూ తెర మీదికి వంగారు. అంతస్తు. లిఫ్టు నంబరు. తేదీ. లోపం. ఒక్కో గడీ వరసగా కిందికి జరిగింది. ఆఖర్న పేరు గడి.

దాని నెత్తిన చీటీ ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆరూ పది. అంటించినది కామా. ఆ తర్వాత ఆ ఫైలు మీద ఎవరి చెయ్యీ పడలేదు. అంతా అక్కడే రాసి ఉంది, నంబర్లతో సహా.

గదిలో పంఖా ఒక్కటే తిరుగుతోంది. కామా తల అంతకన్నా వేగంగా తిరుగుతోంది.

“సార్...”

“ఆగమ్మా. క్షమాపణ తర్వాత. చీటీ ఉండగా పేరెందుకు బయటికొచ్చింది? అది చెప్పు ముందు.”

కామా కుర్చీ లాక్కుంది. ఇందాక కూర్చోనన్న మనిషి ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే కూర్చుంది. ఆమెలో ఒక గుణం ఉంది. తప్పు ఎదుటివాళ్ళదైతే నిలబడి అరుస్తుంది, తనదైతే కూర్చుని వెతుకుతుంది. అందుకే ఆమె అరుపులు ఆ ఆఫీసులో చెల్లుబాటు అవుతాయి.

“శుక్రవారం చీటీ అంటించాక పట్టిక మళ్ళీ తీసి చూశావా?” అని అడిగింది భూతద్దం.

“లేదు.”

“ఎందుకు?”

“ఆరేళ్ళుగా అంటిస్తున్నా కదా అని.”

“అదిగో. నేను ఒక్క శుక్రవారం సెలవు పెడితే మీకు ఆరేళ్ళ అనుభవం గుర్తొస్తుంది.”

కామా ఆ మాట వినిపించుకోలేదు. ఆమె కళ్ళు చీటీ దగ్గర్నుంచి కిందికి దిగాయి. ఒక లైను, రెండు లైన్లు. అక్కడ ఆగిపోయాయి. ఆమె అరచేత్తో నుదుటి మీద కొట్టుకున్న చప్పుడు అద్దం అవతలికి వినిపించింది.

“గెట్టరు!”

“ఏ గట్టున పడ్డావు?” అన్నాడు ఫుల్‌స్టాప్.

“గట్టు కాదు సార్, గెట్టరు. చూడండి.” ఆమె బల్ల సొరుగు లాగింది. అందులో స్టేప్లరు, ఎండిపోయిన పెన్నులు, ఎవరిదో కప్పు మూత. “ఇది గడి. పేరు ఇందులో ఉంటుంది. సొరుగు బయటివాళ్ళకి కనపడదు, లోపలి సరుకు. ఎవరైనా పేరు అడిగితే తీసి చెప్పడానికి పక్కన ఒక కిటికీ పెడతాం. ఆ కిటికీ పేరే గెట్టరు. నేను చీటీ ఎక్కడ అంటించాను? సొరుగుకి.”

“మరి?”

“జనరేటర్ సొరుగులు లెక్కపెట్టదు సార్. కిటికీలు లెక్కపెడుతుంది. మనం వేరే చెప్పకపోతే దాని పద్ధతి అదే. సొరుగుకి తాళం వేసి కిటికీ బార్లా తెరిచి పెట్టాను. అది కిటికీలోంచి తొంగి చూసి, ‘ఆహా, ఇక్కడ పేరు కూడా దొరుకుతుంది’ అని పట్టికలో రాసుకుంది.”

ఫుల్‌స్టాప్ సొరుగు వంక చూశాడు. “మిగతా చోట్ల ఆరేళ్ళుగా ఎలా పనిచేసింది?”

“ఆ పాత కోడ్‌లో సొరుగులే లెక్కపెట్టమని చెప్పి ఉంది. దీనికి చెప్పలేదు. అలవాటులో పడి నేను చూసుకోలేదు.” కామా ఊపిరి పీల్చుకుంది. “ఇది అచ్చుతప్పు కాదు సార్. అచ్చమైన నా తప్పు. బయట అందరికీ వినపడేలా మిమ్మల్ని అన్నాను కాబట్టి ఇదీ అందరికీ వినపడేలా చెబుతాను.”

అని లేచి, గది తలుపు తీసి, ఆ ఇరవై కుర్చీల వైపు తిరిగి గట్టిగా అంది: “చీటీ సార్ పీకలేదు! నేనే తప్పు చోట అంటించాను!”

ఎవరో వెనకనుంచి అన్నారు: “మళ్ళీ కామానే?”

ఆఫీసంతా నవ్వింది. కామా కూడా నవ్వింది. ఫుల్‌స్టాప్ మాత్రం నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో ఆయనకి ఈ పూటే తెలిసింది.

*

తర్వాత పని అరగంట కూడా పట్టలేదు. చీటీని సొరుగు మీంచి ఒలిచి కిటికీకి అంటించారు. యంత్రం తిప్పారు. కొత్త పట్టిక వచ్చింది. భూతద్దం వేలు పెట్టి లెక్కపెట్టింది, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి.

“పది.”

“పదే కదా?”

“నా వేళ్ళు పదే. మిగల్లేదు, తగ్గలేదు.”

అక్కడితో ఆగితే ఆవిడ భూతద్దం ఎందుకవుతుంది? “పట్టికలో కొట్టేశావు సరే. జవాబులో కూడా పోయిందా? హోటల్లో బోర్డు మీద లేనంత మాత్రాన వంటింట్లో లేదని ఏముంది?”

“ఈ చీటీ రెండింటికీ పనిచేస్తుంది అక్కా. పట్టికలోనూ రాదు, జవాబులోనూ వెళ్ళదు.”

“ఇందాక కూడా నమ్మకంగానే చెప్పావు.”

కామా నోరు మూసుకుని జవాబు తెప్పించింది. పది గడుల జవాబు వచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ కూడా లేదు. అసలు అలాంటి చోటు ఒకటి ఉన్నట్టే లేదు. పాత పట్టిక పట్టుకుని పదకొండోది అడిగి చూశారు. రాలేదు. ఇంకో రకంగా అడిగారు. రాలేదు. ఆ పైన కామా ఇంకో పని చేసింది. ఎప్పుడైనా, ఎవరి చేతిలోనైనా ఆ గడి మళ్ళీ పట్టికలోకి పుట్టుకొస్తే యంత్రం అక్కడే ఆగి గగ్గోలు పెట్టేలా ఒక పరీక్ష రాసింది. మనిషి నమ్మకానికి కాపలా పెట్టింది.

“ఇది ముందే పెట్టాల్సింది,” అంది భూతద్దం. మెచ్చుకోవడానికి ఆవిడ దగ్గరున్న ఒకే ఒక్క మాట అది.

ఫుల్‌స్టాప్ మూడు గంటల దాకా ఆగలేదు. కొత్త వివరణని పన్నెండున్నరకే లిఫ్టు కంపెనీకి పంపేశాడు. “పది గడులు. అంతే. ఇంకేం లేదు,” అన్నాడు. ఆ మాట ఆయన నోట అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

పది నిమిషాల్లో ఫోను మోగింది. తెల్లచొక్కా. ఫుల్‌స్టాప్ స్పీకరు నొక్కాడు.

“నమస్కారమండీ. మీ పట్టిక అందింది. చిన్న సందేహం. మంగళవారం మీరిచ్చిన నమూనా పట్టికలో పదకొండు గడులున్నాయే. ఇప్పుడు పది. ఒకటి ఏమైంది?”

కామా ముందుకి వంగింది. “అది నమూనా సార్. పేరు బయటికి రాకూడదని కార్యాలయం నియమం. అందుకే తీసేశాం.”

“అయ్యో, మావాళ్ళు పదకొండుకీ ప్రోగ్రాం రాసేసుకున్నారమ్మా.”

“మంచిదే సార్. పదకొండోది ఎన్నిసార్లు అడిగినా మా దగ్గర్నుంచి రాదు. మీవాళ్ళని ఆ గడి కొట్టెయ్యమనండి, పని తేలికవుతుంది.”

అవతల మెత్తని నవ్వు. “పర్లేదులేమ్మా. శనివారం ఒకసారి మావాళ్ళు పరీక్షకని అడిగి చూసుకున్నారు. బాగా పనిచేసింది.” కాస్త ఆగి, “చాలా బాగా,” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

భూతద్దం కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

“శనివారం పరీక్ష సర్వరే కదా వాళ్ళకి తెరిచి ఉంది,” అంది కామా నెమ్మదిగా. “అందులో ఉన్నవి నకిలీ ఫిర్యాదులు. నేనే రాసి పెట్టాను. అందులో పేరు వెళ్ళినా ఏం కాదు. అవునా సార్?”

ఫుల్‌స్టాప్ కళ్ళజోడు తీశాడు. తుడవలేదు. ఊరికే పట్టుకున్నాడు.

“సార్?”

“నువ్వు రాసిన నకిలీలు ఎలా ఉన్నాయో నీకు గుర్తుందా? ‘అఆఇఈ అనే లిఫ్టు కఖగఘ అంతస్తులో ఆగినది. ఫిర్యాదు చేసినవారు: ఙ.’ కార్యాలయం పెద్దలకి అది చూపిస్తే పరువేం కావాలి? అందుకని శనివారం పొద్దున...” ఆయన గొంతు తగ్గింది. “అసలు రిజిస్టరు నకలు తెచ్చి అందులో పెట్టించాను. పేర్లు ఎలాగూ రావు, నువ్వు చీటీ అంటించావు కదా అని.”

ఆమె చీటీని ఆయన నమ్మాడు. సర్వర్‌లో ఉన్నవి తన నకిలీలేనని ఆమె నమ్మింది. తప్పులు రెండూ చిన్నవే. ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కేసరికి గోడ దాటేశాయి.

భూతద్దం ల్యాప్‌టాప్‌ని ముందుకి లాక్కుంది. శనివారం చిట్టా తెరిచింది. సర్వర్‌ని ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో వరసగా రాసి ఉండే చిట్టా. అందులో ఒకే ఒక్క ప్రశ్న ఉంది. పదకొండూ నలభైకి. ప్రసూతి ఆసుపత్రి లిఫ్టు మీద ఫిర్యాదులేమున్నాయి? జవాబు: ఒకటి. 417.

వెళ్ళిన గడులు: పదకొండు.

“బాబాయ్,” అంది కామా. ఎవరి పేరూ చెప్పని మనిషి ఆ ఒక్క మాటతో అంతా చెప్పేసింది.

ఫుల్‌స్టాప్ లేచి నిలబడ్డాడు. ఇప్పుడాయన ‘అంతే’ అంటాడని ఇద్దరూ అనుకున్నారు.

“ఇంకా ఉంది,” అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. “చిట్టాలో ఆ పేజీ అచ్చు తియ్యి. రెండు ప్రతులు. ఒకటి నేను కార్యాలయం పెద్దాయన చేతిలో పెడతాను. అడిగింది ఎవరో, ఎప్పుడో, జవాబులో ఏం వెళ్ళిందో, నకలు పెట్టించిన వెధవ ఎవరో, అన్నీ చెబుతాను. పేరు తెలుసుకుని ఆ మనిషి మీద చెయ్యి వేస్తే ఎందుకు వేశారో చెప్పాల్సింది వాళ్ళే. నువ్వు మీ బాబాయికి ఫోన్ చెయ్యమ్మా ముందు.”

*

నాలుగు సార్లు మోగాక బాబాయి ఎత్తాడు. వెనకాల గాలి హోరు. మేడ మీద ఎక్కడో ఉన్నాడు.

“చెప్పు అమ్మడూ. తిన్నావా?”

“బాబాయ్, ఎక్కడున్నావు?”

“పైనున్నా. దేవుడి దగ్గర కాదులే, తొమ్మిదో అంతస్తు పైన. ఆసుపత్రి మిషన్ గదిలో.”

కామా బ్యాగు అందుకుంది. “అక్కడికెందుకెళ్ళావు?”

“పంపారు. పొద్దున్నే తెల్లచొక్కా సారే స్వయంగా ఫోన్ చేశారు. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఆయన దగ్గర నా నంబరుందనే నాకు తెలీదు. ఎవడో ఈ లిఫ్టు మీద ఫిర్యాదు పెట్టాట్ట, పరిశీలించి ‘బ్రేకు కొత్తదే, అంతా సవ్యం’ అని కంపెనీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలట. ‘నీకన్నా నమ్మకస్తుడు ఎవరున్నారయ్యా’ అన్నారు. రెండింటికి మనిషొస్తాడు పుస్తకం పట్టుకెళ్ళడానికి.”

గోడ గడియారంలో ఒంటిగంట.

“బాబాయ్, విను. ఆ ఫిర్యాదు నీదని వాళ్ళకి తెలుసు. పేరు మా దగ్గర్నుంచే వెళ్ళింది. తప్పు నాది.”

గాలి హోరులో పానా బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత బాబాయి గొంతు, మామూలుగానే: “ఎంత తప్పు?”

“రెండు లైన్లు. కింద అంటించాల్సిన చీటీ రెండు లైన్లు పైన అంటించాను.”

“ఇక్కడా అంతేలే. బ్రేకు మీద గోరంత మందం ఉంటే చాలు, లిఫ్టు ఆగుతుంది. అది లేకపోతే మనిషి ఆగిపోతాడు.” చిన్నగా నవ్వాడు. “తెలివైనవాడే తెల్లచొక్కా. సంతకం పెడితే నా ఫిర్యాదు అబద్ధం. పెట్టకపోతే అది నాదేనని నేనే ఒప్పుకున్నట్టు. రెండు వైపులా తలుపు మూసి మధ్యలో ఆపాడు నన్ను.”

“సంతకం పెట్టకు బాబాయ్. చిట్టా నా చేతిలో ఉంది. నీ పేరు వాళ్ళకి ఎలా చేరిందో నిమిషంతో సహా అందులో ఉంది. సార్ కార్యాలయానికి బయల్దేరారు. నేను నీ దగ్గరికి వస్తున్నాను. రెండింటికి ఆ మనిషొచ్చేసరికి నీ పక్కన నేనుంటాను.”

“వచ్చి ఏం చేస్తావు?”

“వాళ్ళు దాచినవన్నీ అందరికీ వినపడేలా చదువుతాను.”

“గొంతు మీ నాన్నదే,” అన్నాడు బాబాయి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కామా ఏ మేడ ఎక్కబోయినా బాబాయి చెయ్యి పట్టి ఆపేవాడు. ‘మెట్లెక్కుతావేంటే? నువ్వు మెట్లెక్కితే నా పొట్ట కొట్టినట్టే. లిఫ్టెక్కు!’ ఒక్క అంతస్తుకైనా సరే. ముప్పై మూడేళ్ళొచ్చినా ఆమె ఇప్పటికీ మెట్లెక్కదు. ఆఫీసులో అందరూ బద్ధకం అనుకుంటారు. అది బద్ధకం కాదు, బాబాయి.

“సరే, రా,” అన్నాడు బాబాయి. లోహం మీద లోహం తగిలిన చప్పుడు, తాళాల గుత్తి గలగల. “నేను సంతకం పెట్టలేదు అమ్మడూ. నువ్వు ఫోన్ చెయ్యకముందే లిఫ్టు ఆపేశాను. అరిగిన బ్రేకు విప్పి బల్ల మీద పెట్టాను, వచ్చినవాడు చేత్తో తడిమి చూసుకుంటాడని. మెయిన్ స్విచ్చికి తాళం వేశాను. తాళం చెవి నా జేబులో ఉంది.”

“అయ్యో బాబాయ్, ఇక వాళ్ళు నిన్ను...”

“పక్క లిఫ్టు ఒక్కటే నడుస్తోంది. దాన్ని తల్లులకి వదిలెయ్,” అన్నాడు బాబాయి. “నువ్వు మెట్లెక్కి రా.”